జర ప్లస్, జర మైనస్

పంతులుగారు పోయారన్న కార్డు నాకు ప్రాక్టికల్ క్లాసు మధ్యలో అందింది. వాళ్ల ఊరు ఖానాపూర్ నుంచి పెద్దబ్బాయి రాశాడు. జ్వరం వచ్చిందని, మూడు రోజులు మంచంలోంచే మాట్లాడుతూ ఉన్నారని, నాలుగో రోజు పొద్దున లేచి కూర్చుని మంచినీళ్లు అడిగారని, తెచ్చేలోపే అయిపోయిందని, అంతే. కార్డు మీద నా పాత ఇంటి చిరునామా ఉంది. అది కరీంనగర్ అంతా తిరిగి కాలేజీకి చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి.

'మూడు రోజులు మాట్లాడుతూ ఉన్నారు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏం మాట్లాడారో రాయలేదు. ఎవరిని కూర్చోబెట్టుకుని ఏ ప్రశ్నలు వేశారో రాయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నాకు మొదట విసుగే వచ్చింది. చెప్పకుండా రావడం, సగంలో లేచి వెళ్లడం ఆయనకు మొదటినుంచీ అలవాటు. దుఃఖం ఆ సాయంత్రం, బీకర్లు కడిగించి తాళం వేస్తున్నప్పుడు వచ్చింది.

ఆయన మా కాలేజీలో తెలుగు పండితులు. నేను అదే కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. ఇది చదువుతున్న మీలో చాలామంది ఆయన దగ్గర తెలుగు చదువుకున్నవాళ్లే. ఆయన పద్యం చదివే తీరు, సంధులు చెప్పే తీరు మీకు తెలుసు. అవి మీరు రాయాలి. నాకు తెలిసిన మనిషి వేరు. ఏడాదికి పైగా నా ఆదివారాలన్నీ తినేసిన మనిషి.

దీనంతటికీ మూలం మా ప్రిన్సిపాల్‌గారు. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. మంచివారే, కొంచెం భయస్థులు. పీయూసీ ఫలితాలు చూసి ఒకనాడు నన్నూ పంతులుగారినీ గదిలోకి పిలిచారు. "పల్లెటూరి పిల్లలంతా కెమిస్ట్రీలో తన్నేస్తున్నారయ్యా. వాళ్లకి రానిది కెమిస్ట్రీయా, ఇంగ్లీషా? కర్బన రసాయనం వరకూ తెలుగులో చిన్న పుస్తకం తయారు చేయండి. సైక్లోస్టైల్ తీయించి పంచుదాం. విషయం నువ్వు చెప్పు, మాటలు ఆయన పెడతారు. నెల రోజుల పని" అన్నారు. దానికి పద్నాలుగు నెలలు పట్టింది.

నాకు ఆ పని తేలికే అనిపించింది. నలభై ఇంగ్లీషు మాటలు ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. పక్కన నలభై తెలుగు మాటలు రాసి తిరిగి ఇస్తారనుకున్నాను. ఆదివారం పొద్దున నేను గడ్డానికి సబ్బు రాసుకుని కూర్చుని ఉండగా వాకిట్లో దగ్గు వినిపించింది. చంకలో గొడుగు, చేతిలో ముక్కుపొడి డబ్బా, నా కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు.

"మొదటి మాట ఏంది సారూ?" అన్నారు, కుర్చీ లాక్కుని.

"ఫంక్షనల్ గ్రూప్. నేనే ఆలోచించిన పంతులుగారూ. క్రియాత్మక సమూహం అని పెడ్దాం."

"పేరు సంగతి తర్వాత. అదేం చేస్తది?"

"కర్బన పదార్థాల గుణం దాన్ని బట్టి ఉంటది."

"కర్బన పదార్థమంటే?"

గడ్డం సబ్బు ఆరిపోయింది. ఆ పొద్దున నేను మొదటిసారి ఒక యాభై దాటిన మనిషికి కార్బన్ గొలుసు గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, చివర్లో నన్ను ఇరికించారు.

"సారాల ఎన్ని కార్బన్లున్నయ్ అంటివి?"

"రెండు."

"సిర్కల?"

"వెనిగర్ గదా, అండ్ల గూడ రెండే."

"ఒకటి తాగితే తల తిరుగుతది. ఇంకోటి నాలుక మీద పెడితే పండ్లు జివ్వుమంటయ్. రెండింట్ల రెండే కార్బన్లుంటే గీ గుణం ఏడికెల్లి వచ్చింది?"

"గదే చెప్తున్న. గొలుసు చివర తగిలి ఉన్న గ్రూపును బట్టి. సారాల ఉన్న గ్రూపు వేరు, సిర్కల ఉన్న గ్రూపు వేరు. మనం పదార్థాన్ని గుర్తుపట్టాలంటే ముందుగాల ఆ గ్రూపును గుర్తుపట్టాలె."

"గీ ముక్క ముందే చెప్తే అయిపోతుండె గదా," అన్నారు, నేనే ఆలస్యం చేసినట్టు. మా ఆవిడ మూడో గ్లాసు చాయ్ తెచ్చి పెట్టింది. ఆయన తాగి, ముక్కుపొడి పీల్చి, నా పుస్తకం మీద తుమ్మి, "గుణగణం" అన్నారు.

"ఏంది?"

"గుణాన్నిచ్చే గణం. గుణగణం."

"పంతులుగారూ, గుణగణాలు అంటే ఇంకో అర్థం ఉన్నది గదా. పిల్లను చూడవోయినప్పుడు అడుగుతరు."

"అడగనీ. పదార్థాన్ని గూడ గట్లనే అడుగుతున్నవ్ గదా నువ్వు."

ఆ వారానికి ఒక్క మాట. ఇంకా ముప్పై తొమ్మిది.

ఆ తర్వాతి వారం ఆయన కొత్త షరతు పెట్టారు. కళ్లతో చూడనిదానికి పేరు పెట్టరట. "చూడనోనికి పేరెట్ల పెడుత సారూ? బారసాలల గూడ బిడ్డను ఒళ్లె పెట్టుకునే పేరు పెడ్తరు." లేబొరేటరీలో రసాయనాలు తక్కువ. ఏడాదికి ఒకసారి వచ్చే సరుకు. దాన్ని పిల్లల పరీక్షలకు దాచుకుని వాడేవాళ్లం. అలాంటిది, పంతులుగారి కోసం నేను ఒక్కొక్క గ్రూపును పిలిచి చూపించాల్సి వచ్చింది. ఆమ్లం గ్రూపు ఉన్నదాంట్లో తినే సోడా వేస్తే బుస్సున పొంగింది. "కోపిష్టిది," అని రాసుకున్నారు. ఫీనాల్ నీళ్లలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే నేరేడు పండు రంగు వచ్చింది. మళ్లీ వెయ్యమన్నారు. మళ్లీ వేశాను. ఇంకోసారి అన్నారు.

ఆల్డిహైడ్ దగ్గర నాకు ప్రాణం మీదికి వచ్చింది. దాన్ని గుర్తుపట్టడానికి వెండి నైట్రేట్ కావాలి. మా దగ్గర ఉన్నదే ఒక చిన్న సీసా. వేడినీళ్లలో పరీక్షనాళిక పెట్టి ఇద్దరం ఎదురుచూశాం. గాజు లోపలి గోడకు మెల్లగా వెండి పట్టి అద్దం తేలింది. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, కిటికీ దగ్గరకు వెళ్లి, అందులో సన్నగా పొడుగ్గా సాగిన తన ముఖం చూసుకుంటూ నిలబడ్డారు. గంట కొట్టారు. పిల్లలు వచ్చారు. ఆయన కదలలేదు. చివరికి "గిది నాకిస్తవా?" అన్నారు. ఇవ్వలేదు. కాలేజీ సొత్తు అన్నాను. ఇప్పుడు ఇవ్వాల్సిందనిపిస్తుంది. కానీ ఆనాడు నాకు నిజంగా మండింది, అదీ చెప్పాలి.

అన్నిటికన్నా పెద్ద పోరు పొలారిటీ మాట దగ్గర జరిగింది.

నేను 'ధ్రువత్వం' అన్నాను. మంచి సంస్కృత పదం, ఆయన కాదనరు అనుకున్నాను.

"ధ్రువం అంటే కదలనిది," అన్నారు. "ఆకాశంల ధ్రువ నక్షత్రం కదుల్తదా? మరి నీ ఎలక్ట్రాన్లు కదులుతున్నయంటివి గదా?"

"ఒక దిక్కు జరుగుతయ్. ఆక్సిజన్ తన దిక్కు గుంజుకుంటది."

"మొత్తం గుంజుకుంటదా?"

"మొత్తం గుంజుకుంటే అది ఉప్పు లెక్క అయితది. సోడియం తన ఎలక్ట్రాన్ను క్లోరిన్‌కు ఇచ్చేస్తది. పంచుకునుడే ఉండదు."

"అసలే గుంజుకోకపోతే?"

"ఇద్దరు ఒక్క తీరోళ్లయితే గుంజుడు ఉండదు. హైడ్రోజన్, హైడ్రోజన్ కలిస్తే సమానంగ పంచుకుంటయ్."

"అయితే నువ్వు చెప్పేది నడిమి సంగతి. పంచుకుంటున్నరు, కని ఒకనికి జర ఎక్కువ పోతున్నది."

"అవు."

"దాన్ని మొగ్గు అంటరు. తక్కెడ ఒక దిక్కు మొగ్గుతది జూడు, గట్ల. బంధం మొగ్గు."

ఇంత చిన్న మాట పుస్తకంలో బాగుంటుందా అని నేను నసిగాను. ఆయన వినిపించుకోలేదు. అప్పటికే ఇంకో ప్రశ్నలోకి వెళ్లిపోయారు. ఆక్సిజన్ పక్కన నేను ఒక గ్రీకు అక్షరం రాసి మైనస్ గుర్తు పెట్టాను. అదేమిటన్నారు. పూర్తి మైనస్ కాదని, కొద్దిపాటిదని, దానికి గుర్తు అని చెప్పాను.

"జర మైనస్," అన్నారు.

"పంతులుగారూ!"

"కార్బన్ జర ప్లస్. ఆక్సిజన్ జర మైనస్."

"జర అన్నది ఉర్దూ మాట. పుస్తకంల ఎట్ల రాస్తం?"

"మీ అవ్వకు తెలుసా తెల్వదా?"

"తెలుసు."

"అయితే తెలుగే."

తెలుగు పండితుడు చెప్పాల్సిన మాటలేనా ఇవి? నేను ఆ రోజు ప్రిన్సిపాల్‌గారి దగ్గరకు వెళ్లి, నన్ను ఈ పని నుంచి తప్పించమని అడిగాను. ఆయన నవ్వి పంపేశారు.

నా విసుగుకు అసలు కారణం ఏమిటో అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. నాలుగేళ్లుగా ఇంగ్లీషు వాక్యాలు గడగడ చెబుతున్నాను. పిల్లలు రాసుకుంటున్నారు. ఆ వాక్యాలనే తెలుగులో ఈయనకు చెప్పబోతే సగం చోట్ల లోపల ఏమీ దొరికేది కాదు. గురువులు చెప్పిన వాక్యం నేను దాచుకుని పిల్లలకు అందించానే తప్ప విప్పి చూడలేదు. ఆదివారం పొద్దున అది బయటపడేది. బయటపెట్టిన మనిషి మీద కోపం వచ్చేది.

ఇక ఇప్పుడు రాయబోయే సంగతి నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

జనవరిలో పిల్లలు సామాన్యంగా ఏ తప్పులు చేస్తారో చూసుకుని, వాటిని పుస్తకంలో ప్రత్యేకంగా వివరిద్దామనుకున్నాం. అంతకు నెల ముందు కాలేజీలో జరిగిన టెస్టు పరీక్ష కాగితాల కట్ట స్టాఫ్ రూమ్‌లో విప్పాను. ఆ పరీక్షలో తప్పినవాళ్లను మేము మార్చిలో జరిగే యూనివర్సిటీ పరీక్షకు పంపము. ఏడాది పోతుంది. నేను కాగితాలు తిప్పుతూ తప్పులు రాసుకుంటున్నాను. పంతులుగారికి ఇంగ్లీషు రాదు. ఊరికే కూర్చోలేక ఆయన కూడా కట్టలోంచి ఒక్కొక్కటి తీసి చూస్తున్నారు. చూస్తూ చూస్తూ ఒక కాగితం దగ్గర ఆగారు. కట్ట మొత్తంలో ఆయన చదవగలిగిన పేజీ అదొక్కటే. సగం జవాబు తెలుగులో ఉంది.

పైకి చదివారు. క్లోరోఫారం, కార్బన్ టెట్రాక్లోరైడ్, ఈ రెండింటిలో దేనికి పొలారిటీ ఉంది, ఎందుకు అన్నది ప్రశ్న. జవాబు ఇలా ఉంది:

"క్లోరోఫారంల మూడు దిక్కుల క్లోరిన్, ఒక దిక్కు హైడ్రోజన్ ఉన్నది. గుంజుడు సమానంగ ఉండదు. టెట్రాక్లోరైడ్ల నాలుగు దిక్కుల క్లోరినే. ఒక్కొక్కటి కార్బన్ నుంచి గుంజుతది. కని నలుగురు నాలుగు దిక్కుల ఒక్క తీరుగ గుంజితే నడిమిట్ల ఉన్నది ఏ దిక్కుకు పోదు. అందుకని మొత్తం మీద పొలారిటీ ఉండదు."

"గిది తప్పా?" అన్నారు పంతులుగారు.

"ఒప్పే."

"మరి గీ ఎర్ర గీత ఏంది? గీ సున్న ఏంది?"

"ఇంగ్లీషుల రాయాలె పంతులుగారూ. రూలు. తెలుగుల రాసింది నేను చదువను."

"చదువకుండనే కొట్టేసినవా?"

కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని మార్కులు కలిపి చూశాను. ఆ జవాబుకు మార్కులు వేసి ఉంటే రాసిన అమ్మాయి గట్టెక్కేది. పేరు చూస్తే గుర్తొచ్చింది. మంథని పిల్ల. కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. క్లాసులో చివరి బెంచీ. జాబితా అంటించిన మర్నాడే వాళ్ల బాపు వచ్చి తీసుకుపోయాడని పంతులుగారే చెప్పారు. తెలుగులో ఆమెకు మంచి మార్కులని కూడా చెప్పారు.

తర్వాత ఆయన కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "నువ్వు దీన్ని సరిజేసేదాక నేను ఒక్క మాట పెట్ట," అన్నారు.

"నా చేతుల లేదు పంతులుగారూ. జాబితా అయిపోయింది. నాకింక ఉద్యోగం పర్మనెంటు కాలే. తప్పు చేసిన్నని రాసిస్తే రేపు ఏమైతదో తెలుసా?"

"తెలుసు." ముక్కుపొడి డబ్బా తిప్పుతూ, గొంతు తగ్గించి చెప్పారు. "నిజాం జమానాల నేను ఏడో తరగతిల భూగోళం ఫెయిలైన సారూ. గోదావరి గురించి అడిగిండ్రు. మా ఊరి పక్కపొంటే పారుతది గోదావరి. అండ్లనే ఈత నేర్చిన. ఏ గుట్టల పుట్టింది, ఏ సముద్రంల కలుస్తది, ఏ నెలల ఎంత నిండుతది, అన్ని ఎరుకే. ఉర్దూల రాయరాలే. మా సారు గూడ గదే అన్నడు. రూలు, అని."

వేరే ఎవరైనా అయితే ఆ మాటతో లేచి వెళ్లిపోయేవారు. ఈయన వెళ్లలేదు. నేను కాగితం తీసి ప్రిన్సిపాల్‌గారికి ఉత్తరం రాసేదాకా ఎదురుగా కూర్చుని, రాశాక చదివి వినిపించమని, ఇంగ్లీషులో రాసిందాన్ని మళ్లీ తెలుగులో చెప్పమని, "పొరపాటు కాదు, తప్పు అని రాయి" అని సరిదిద్దించారు.

ప్రిన్సిపాల్‌గారు ఉత్తరం చదివి తల పట్టుకున్నారు. "ఏవిటయ్యా ఇది? ఒక్క పేపరు మారిస్తే రేపు ఊరంతా వచ్చి గుమ్మంలో కూర్చుంటారు. నీ కన్ఫర్మేషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది, తెలుసా?" అన్నారు. తెలుసు అన్నాను. పంతులుగారు నా పక్కన గొడుగు పట్టుకుని ఊరికే నిలబడ్డారు. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది. చివరికి ప్రిన్సిపాల్‌గారు, "సోమవారం లిస్టు యూనివర్సిటీకి వెళుతుంది. ఆ పిల్ల సంతకం చేసిన ఫారం సోమవారం పొద్దున్న నా దగ్గరుండాలి. లేకపోతే నన్ను అడగొద్దు," అన్నారు. అది శనివారం.

ఆదివారం మొదటి బస్సుకు ఇద్దరం పెద్దపల్లి మీదుగా మంథని బయల్దేరాం. దారి పొడుగునా ఆయన నన్ను టెట్రాక్లోరైడ్ గురించి అడుగుతూనే ఉన్నారు. నాలుగు దిక్కులంటే నేల మీది నాలుగు దిక్కులేనా, లేక ఒకటి పైకి కూడా ఉంటుందా? పైకి కూడా ఉంటుంది, కార్బన్ నాలుగు మూలల బొమ్మలో నడుమ ఉంటుంది అని చెప్పాను. అయితే 'దిక్కు' అనకూడదు, 'మూల' అనాలి అన్నారు. పక్క సీటులో బుట్ట పెట్టుకున్న ముసలమ్మ, "ఏందయ్యా, మీకు పొలం పంచాయితీనా?" అని అడిగింది.

మంథనిలో దిగి అడిగితే, ఊరవతల పొలంలో ఉన్నారన్నారు. యాసంగి నాట్లు పడుతున్నాయి. ఆ పిల్ల ఆడవాళ్ల వరుసలో వంగి నారు పెడుతోంది. మమ్మల్ని చూసి నడుము ఎత్తి అలాగే నిలబడిపోయింది. మోకాళ్లదాకా బురద. వాళ్ల బాపు గట్టు మీదికి వచ్చి నమస్కారం పెట్టాడు.

"ఏం సారూ, గింత దూరం వచ్చిండ్రు?"

పంతులుగారు నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను. "మీ బిడ్డ పాసైంది. కాగితం దిద్దుట్ల నాదే తప్పు," అన్నాను.

వాళ్ల బాపు నమ్మలేదు. మొహం ముడుచుకుంది. "నెల దినాల కింద ఫెయిలన్నరు. మా అన్నదమ్ములంత నవ్విండ్రు. ఆడపిల్లను పట్నం పంపితే గిట్లనే అయితదన్నరు. ఇయ్యాల పాసంటున్నరు. రేపు మల్ల ఏమంటరో! వద్దు సారూ. సాలు. ఇంటికాడ నిమ్మళంగ ఉన్నది."

నేను రూళ్లు, జాబితా, సోమవారం అని ఏదో చెప్పబోయాను. పంతులుగారు నన్ను ఆపారు. "గవన్నీ ఎందుకు? ముందుగాల ఆమె ఏం రాసిందో ఈయనకు చెప్పు సారూ. తెలుగుల."

అక్కడ, ఆ గట్టు మీద, చెప్పులు చేతిలో పట్టుకుని నేను ఒక రైతుకు కార్బన్ టెట్రాక్లోరైడ్ చెప్పాను. నాలుగు చోట్ల తడబడ్డాను. నాట్లు వేసే ఆడవాళ్లు పాట ఆపి చూస్తున్నారు. నేను తడబడిన చోట ఆ పిల్లే బురదలోంచి అందుకుంది. "అట్ల కాదు బాపూ. ఒక్కొక్క బంధంల గుంజుడు ఉన్నది. కని అన్నీ ఒక్క తీరుగ ఉన్నయ్. అందుకని మొత్తంల లేదు." నా నాలుగేళ్ల పాఠంలో అంత చక్కగా ఒక్కసారి కూడా చెప్పలేదు నేను.

"గంతేనా?" అన్నాడు వాళ్ల బాపు. "గిది సక్కగనే ఉన్నది గదా. గిది తప్పెట్లయితది?"

"కాదు," అన్నాను. "నేను చదువలే. తెలుగుల రాసిందని చదువకుండ కొట్టేసిన."

ఆయన నన్ను పైనుంచి కిందకు చూశాడు. ఆ చూపు ఇంకా నా మీదే ఉన్నట్టుంటుంది. తర్వాత బిడ్డ వైపు తిరిగి, "కాళ్లు కడుక్కో పో," అన్నాడు.

ఫారం మీద ఆమె సంతకం పెడుతుంటే పంతులుగారు గొడుగు నీడ పట్టారు. జనవరిలో, ఎండ కూడా సరిగా లేదు. చెబితే వింటారా?

మిగతాది త్వరగా చెబుతాను. ఆ పిల్ల మార్చిలో పరీక్ష రాసి పాసైంది. మొదటి శ్రేణి కాదు, ఇంగ్లీషు ఆమెను వెనక్కి లాగింది. ఇప్పుడు బీఎస్సీలో ఉంది. నా ఉద్యోగం ఖాయం కావడం ఏడాది ఆలస్యమైంది, అది కూడా నిజమే. పంతులుగారికి ఆ విషయం చెబితే, "ఏడాదే గదా, ఫికర్ చెయ్యకు," అన్నారు. పుస్తకం నలభై రెండు పేజీలు అయింది. సిరా పాకి సగం బొమ్మలు కనిపించవు. పట్నంలో పెద్దవాళ్లు కూర్చుని శాస్త్రానికి తెలుగు మాటలు ఖాయం చేస్తున్నారట. వాటిలో 'మొగ్గు' ఉండదు, 'గుణగణం' ఉండదు, 'జర' అసలే ఉండదు. ఆ సంగతి కూడా చెప్పాను. ఆయనకేమీ పట్టలేదు. "వాళ్లు పెట్టిన మాట మంచిగుంటే అదే ఉంటది. నేను పెట్టింది మంచిగుంటే పిల్లల నోట్ల ఉంటది. మనకేం పరేషాన్?" అన్నారు. మొన్న క్లాసులో ఒక కుర్రాడు నేను అడగకుండానే "కార్బన్ జర ప్లస్ సార్" అన్నాడు. ఆ కుర్రాడు పంతులుగారిని చూడనేలేదు, ఆయన రిటైరై వెళ్లాకే కాలేజీలో చేరాడు.

రిటైరైన వారానికే ఆయన ఖానాపూర్ వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ నా ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీసుకుపోయారు. మీకు ఇంగ్లీషు రాదు కదా అంటే, "బొమ్మలు చూస్త," అన్నారు. ఉత్తరాలు రాశారు. ప్రతి ఉత్తరంలో రెండు ప్రశ్నలు. ఒకదానికి జవాబు రాస్తే దానిలోంచి మూడు కొత్తవి పుట్టేవి. నీళ్లు, నూనె ఎందుకు కలవవో రాశాను. సబ్బు రెండింటినీ ఎట్లా కలుపుతుందని అడిగారు. అది రాస్తే, అయితే సబ్బుకు రెండు ముఖాలుండాలె గదా, ఏ ముఖం ఎవరి దిక్కు తిరుగుతదో బొమ్మ గీసి పంపమన్నారు. ఆ బొమ్మ నేను పంపలేదు. పరీక్షలు, పేపర్లు, పిల్లవాడికి జ్వరం. వచ్చే వారం, వచ్చే వారం అనుకున్నాను.

నేను ఆయన్ను చివరిసారి చూసింది, ఆయన ఖానాపూర్ వెళ్తున్న రోజు, కరీంనగర్ బస్టాండులో. సామాను పైకెక్కించి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాను. ముక్కుపొడి పీల్చారు, తుమ్మారు, ముందు సీటు మనిషి వెనక్కి తిరిగి చూశాడు. బస్సు కదిలింది. హమ్మయ్య అనుకున్నాను, అబద్ధం ఎందుకు. అప్పుడే ఆయనకు ఏదో గుర్తొచ్చినట్టుంది. తల బయటపెట్టి నన్ను చూసి ఏదో అడిగారు. ఇంజను చప్పుడులో నాకు వినపడలేదు. "ఏందీ?" అని అరిచాను. మళ్లీ అడిగారు. పెదవులు కదలడం కనిపించింది. ఆ ప్రశ్న ఏదో తర్వాత ఉత్తరాల్లో నేనూ అడగలేదు. కొంత దూరం వెంట నడిచాను, తర్వాత పరుగెత్తాను, దుమ్ము లేచింది. బస్సు మలుపు తిరిగేటప్పుడు తల లోపలికి పోయింది కానీ చెయ్యి మాత్రం ఇంకా కిటికీ బయటే ఉంది, అరచెయ్యి పైకి, అయిదు వేళ్లూ విప్పి.